నార్మల్ కాకా

ఆదివారం పొద్దున అమీన్‌పూర్ నుంచి సంగారెడ్డికి, అమ్మానాన్నలను చూడటానికి బయలుదేరాను. కంది దాటాక సర్వీసు రోడ్డు మలుపులో ఒక ఫ్లెక్సీ. ఈ దారిలో ఫ్లెక్సీలకేం కొదవ? ప్లాట్ల వెంచర్లు, నాయకుల పుట్టినరోజులు, ర్యాంకులు తెచ్చుకున్న పిల్లలు, పోయినవాళ్లు, అందరూ ఒకే వరుసలో నిలబడి మనకు దండం పెడుతుంటారు. ఈ ఫ్లెక్సీలోని మనిషి మాత్రం దండం పెట్టడం లేదు. చొక్కా బొత్తాలు మెడ దాకా పెట్టుకుని, ఫొటో తీసేవాడు ఏదో తప్పు చేస్తున్నట్టు చూస్తున్నాడు. ఆ చూపు నాకు తెలుసు. నాలుగేళ్లు ఆ చూపు కింద పనిచేశాను.

బండి పక్కకు ఆపి రెండుసార్లు చదివాను. దశదినకర్మ ఆ రోజే. ఊరు అక్కడికి దగ్గరే. అమ్మకు ఫోన్ చేసి, భోజనానికి నా కోసం చూడొద్దని చెప్పి, బండి ఆ ఊరి దారికి తిప్పాను. ఏడుపు రాలేదు. ముందు సిగ్గేసింది. ఆయన పూర్తి పేరు ఇంటిపేరుతో సహా నేను పట్టించుకుని చదవడం అదే మొదటిసారి. మా ల్యాబులో అందరికీ ఆయన నార్మల్ కాకా.

ఆ పేరు ఎట్లా వచ్చిందో చెప్పాలంటే నా చదువు గురించి కొంచెం చెప్పాలి. భయపడకండి, కొంచెమే.

డెంగీ పుణ్యమా అని ప్లేట్‌లెట్లంటే తెలియని ఇల్లు మన దగ్గర లేదు. జ్వరం వస్తే పడిపోయేవి, బొప్పాయాకు రసం తాగితే లేస్తాయని అందరూ నమ్మేవి. చెయ్యి తెగితే రక్తం ఆగేది వీటివల్లే. గాయమైందన్న కబురు అందగానే ప్లేట్‌లెట్ తన లోపలి గదిలో దాచుకున్న కాల్షియాన్ని ఒక్కసారి వదులుతుంది. ఆ గది ఖాళీ అవుతుండగానే పైపొరలో ద్వారాలు తెరుచుకుని బయటి కాల్షియం కూడా లోపలికి వస్తుంది. అంతటితో ఊరుకోక, పక్కవాటిని నిద్రలేపే రసాయనం ఒకటి వదులుతుంది. దాంతో కాల్షియం ఇంకోసారి పెరుగుతుంది. గ్రాఫు గీస్తే రెండు గుట్టలు. ఒక్కో ద్వారానికి ఒక్కో సమీకరణం రాసి, ఆ ప్లేట్‌లెట్‌ను కంప్యూటర్లో నడిపించడమే నా పీహెచ్‌డీ. మా నాన్నకు సంగారెడ్డిలో పప్పుల దుకాణం. "కంటికి కనవడనిదానికి ఐదేండ్ల లెక్కలేంది బిడ్డా?" అని అడిగేవాడు. నేను సమాధానం చెప్పేలోపు గిరాకీ వచ్చేది.

పటాన్‌చెరు దాటాక హైవే పక్కన, పాత గోదాముకు అద్దాలు బిగించి చేసిన చిన్న ల్యాబు మాది. మా గైడ్ మేడం, ముగ్గురం స్కాలర్లం. అక్కడికి కాకా అటెండరుగా వచ్చాడు. అంతకుముందు ఇరవై ఏళ్లకు పైగా ఒక మందుల కంపెనీలో రియాక్టర్ ఆపరేటర్. ఎందుకు మానేశావంటే "రాజీనామ జేసిన" అనేవాడు, మంత్రిపదవి వదులుకున్నంత హుందాగా.

వచ్చిన మొదటిరోజే గడప దగ్గర ఆగిపోయాడు. ముక్కు పైకెత్తి రెండుసార్లు పీల్చాడు. "ఎవలో అసిటోన్ మూత తెరిసిండ్రు," అన్నాడు. ఎవరూ తెరవలేదని మేడం చెప్పినా లోపలికి రాలేదు. చివరికి నా హ్యాండ్‌బ్యాగ్‌లో గోళ్ల రంగు తుడిచే సీసా కారుతోందని తేలింది. అది గోళ్లకని నేనెంత చెప్పినా వినకుండా, దాన్ని రెండు వేళ్లతో పట్టుకుని ఆరుబయట, ఎండ తగలని చోట, గోడకు దూరంగా పెట్టి వచ్చాడు. సాయంత్రం ఇంటికి పోయేటప్పుడు సంతకం పెట్టించుకుని ఇచ్చాడు.

ఫ్రిజ్ అయినా, చాయ్ గ్లాసు అయినా, కంప్యూటర్ అయినా, చెయ్యి తిరగేసి వేళ్ల వెనకవైపుతోనే తాకేవాడు. వేడి పైపులతో కాపురం చేసినవాళ్ల అలవాటట అది. నమస్తే బదులు "రీడింగ్ ఎంత?" అనేవాడు. జ్వరమని చెబితే రీడింగ్ ఎంత. వాన పడితే రీడింగ్ ఎంత. పెళ్లిచూపులున్నాయని నేను సెలవడిగితే, మేడం కన్నా ముందు ఆయనే, "పిలగాని రీడింగ్ ఎంత?" అన్నాడు. తర్వాత ఆ సంబంధం నేనే వద్దన్నాను. కారణం కాకా అడగలేదు. రీడింగ్ తక్కువొచ్చిందని తనే తీర్మానించుకున్నాడు.

ఇక ఆయన లాగ్‌బుక్. గంటగంటకూ ఫ్రిజ్ దగ్గరికి పోయి, డిగ్రీలు చూసి, టైం వేసి, గుండ్రటి అక్షరాలతో రాసేవాడు. కంపెనీల్లో కొందరు షిఫ్టు చివర కూర్చుని, ఎనిమిది గంటల రీడింగులూ ఒక్క చాయ్‌తో రాసేస్తారట. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అన్నట్టు, కాకా అట్లా కాదు. ఒక ఆదివారం ఆయన సెలవు. పుస్తకంలో ఆ రోజు గడులు ఖాళీగా ఉన్నాయని జాలిపడి, సోమవారం ఆయనకన్నా ముందే వచ్చిన నేను అన్నింట్లో నాలుగు డిగ్రీలని రాశాను. కాకా వచ్చీ రాగానే పుస్తకం తెచ్చి నా ముందు పెట్టాడు.

"ఆదివారం వచ్చినవా చిన్న మేడం?"

"లేదు కాకా. ఎప్పుడూ నాలుగే కదా ఉండేది."

"ఎప్పటికి నాలుగే ఉంటదంటే ఇగ నేనెందుకు, పుస్తకమెందుకు? సూడంది రాయద్దు. రాసింది దిద్దద్దు."

తప్పు రాస్తే ఏం చెయ్యాలో కూడా ఆ రోజే నేర్పాడు. గీకెయ్యకూడదు, తెల్లరంగు పుయ్యకూడదు. కింద ఏముందో కనబడేటట్టు అడ్డంగా ఒక్క గీత, పక్కన సంతకం, తారీఖు. ఎనిమిది గీతలు, ఎనిమిది సంతకాలు పెట్టించాడు. పీహెచ్‌డీ చేస్తున్న నేను అటెండరు ముందు నిలబడి ఇంపొజిషన్ రాశాను.

నా బోర్డు మీది బొమ్మ ఆయనకు తొందరగానే నచ్చింది. ఒక గుండ్రం, లోపల ఇంకో గుండ్రం, బాణాలు. "గిది ప్లాంటే గదా! గీ లోపటిది ట్యాంకు. గిది వాల్వు. గిది పంపు." నేను అవునన్నాను. అంతే, ఆ రోజు నుంచి నా చెవిలో జోరీగ. ఇంటర్‌లాక్ ఏది, అలారం ఎక్కడుంది, డ్రెయిన్ ఎందుకు పెట్టలేదు. ఆయన ప్రశ్నల్లో సగం వాటికి నా దగ్గర జవాబు ఉండేది కాదు, మిగతా సగం అసలు ప్రశ్నలే కావు. ఒకరోజు ఆ ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయని అడిగాడు. నేను శ్రద్ధగా లెక్కకట్టి, సున్నా తర్వాత చుక్కపెట్టి, ఇంకో డజనుకు పైగా సున్నాలు రాసి చూపించాను. ఆ సున్నాలను చివరిదాకా వేలితో లెక్కపెట్టి, "గంతేనా?" అన్నాడు. రెండు రోజులు నా ముఖం చూడలేదు.

లెక్కలకు ముందు కొలతలు కావాలి, కొలతలకు రక్తం కావాలి. పక్కగదిలో నర్సమ్మ దాతల దగ్గర రక్తం తీస్తే, అందులోంచి ప్లేట్‌లెట్లు వేరుచేసి, కాల్షియం పెరిగితే మెరిసే రంగు కలిపి, యంత్రంలో పెట్టి చూసేవాళ్లం. దాతలకు ఒక్కటే గట్టి షరతు. నొప్పి మాత్ర ఏదైనా వేసుకుంటే పది రోజుల దాకా పనికిరారు. ఇక్కడే వచ్చింది చిక్కు. చుట్టుపక్కల కంపెనీల కుర్రాళ్లు ఒళ్లు నొప్పికో తలనొప్పికో ఏదో ఒక గోలీ వెయ్యకుండా వారం గడపరు. కాలేజీ పిల్లలు సూదిని చూసి, బయట ఫోనొచ్చిందని పోయి మళ్లీ వచ్చేవాళ్లు కాదు.

"నాది తీస్కోండ్రి," అన్నాడు కాకా. "నాకు గోలీలు గీలీలు ఏం లెవ్వు."

ఫారంలో మందులన్న గడిలో గుండ్రటి అక్షరాలతో "లేవు" అని రాశాడు. అట్లా ఏడాదిలో పదకొండుసార్లు రాశాడు. రక్తమిచ్చిన ప్రతిసారీ మోచేతి మడతలో దూది పెట్టుకుని, చెయ్యి మడిచి, చాలాసేపు అట్లాగే కూర్చునేవాడు. "ఏంది కాకా, చెయ్యి అతుక్కుపోయిందా?" అని నేను ఎగతాళి చేసేదాన్ని. మర్నాడు కమిలిన చోటు కనబడకుండా, ఎండాకాలంలో కూడా ఫుల్‌చేతుల చొక్కా వేసుకొచ్చేవాడు. రక్తం ఎందుకు గడ్డకడుతుందో రాత్రింబవళ్లు లెక్కలు కట్టే నేను, నా ఎదురుగా కూర్చున్న మనిషికి రక్తం ఎందుకు ఆగడం లేదని ఒక్కసారి అనుకోలేదు. దీపం కింద చీకటి అంటే ఇదే కాబోలు.

కాకా గ్రాఫులో మొదటి గుట్ట బాగానే లేచేది. రెండోది మాత్రం లేచీ లేవనట్టు, దుప్పటి కింద పిల్లి కదిలినట్టు ఉండేది. మిగతా దాతలు ముగ్గురు నలుగురే. వాళ్లలో రెండో గుట్ట అంతకన్నా పెద్దగా కనిపిస్తే యంత్రం తప్పనుకున్నాను. పదకొండు కొలతలు ఒక మాట చెబుతుంటే ముగ్గురి మాట ఎవరు వింటారు? కాకా గీతకు తగ్గట్టు నా సమీకరణాల్లో అంకెలు మార్చాను. కంప్యూటర్లోని ప్లేట్‌లెట్ అచ్చం ఆయనదిలాగా నడిచింది. మేడం ఆ గ్రాఫును పెద్దగా ప్రింటు తీయించి గోడకు అతికించింది. కింద పెద్ద అక్షరాలతో "నార్మల్" అని ఉంది.

ఆ రోజు నుంచి కాకాను పట్టలేకపోయాం. నీళ్ల క్యాన్లు తెచ్చే మనిషిని, ఏసీ బాగుచేసే బిహారీ కుర్రాణ్ని, దారితప్పి వచ్చిన కొరియర్ వాణ్ని కూడా ఆ గోడ ముందు నిలబెట్టేవాడు. "గీ గీత నాదే. నార్మల్." హిందీవాళ్లకు హిందీలో చెప్పేవాడు, "ఏ మేరా హై. నార్మల్." మాకందరికీ నవ్వే నవ్వు. నార్మల్ కాకా అన్న పేరు అట్లా పడింది. పిలిస్తే రుసరుసలాడేవాడు గానీ, ఒక్కరోజు ఎవరూ అట్లా పిలవకపోతే మా చుట్టూ తిరిగేవాడు.

ఒక మధ్యాహ్నం గాజు బీకరు కడుగుతుంటే పగిలి బొటనవేలి కింద తెగింది. చిన్న గాయమే. కానీ రక్తం ఆగదు. తువ్వాలు తడిసింది, ఇంకో తువ్వాలు తడిసింది. నేను ఆటో పిలిచి పటాన్‌చెరులో ఒక చిన్న ఆసుపత్రికి తీసుకుపోయాను. డాక్టరు కుట్లకు సిద్ధమవుతుంటే కాకా నా వైపు తిరిగాడు.

"చిన్న మేడం, నువ్వు జెర చాయ్ తాగి రాపో."

"నాకేం వద్దు కాకా."

"మరి నాకు తేపో."

"చెయ్యి తెగి కూర్చుని చాయ్ ఏంది?"

డాక్టరు దూది నొక్కిపెట్టి, "ఏమన్నా మందులు వాడుతున్నరా?" అన్నాడు. కాకా పైన తిరిగే ఫ్యాను చూశాడు. డాక్టరు మళ్లీ అడిగాడు. కాకా మంచి చేత్తో చొక్కా జేబులోంచి గోలీల పట్టీ ఒకటి తీసి, నాకు కనబడకుండా అరచేతిలో దాచి చూపించబోయాడు. నేను చూశాను. ఆస్పిరిన్.

"రక్తం పల్చగైతందుకు," అన్నాడు మెల్లగా. "స్టంటు ఏసిన కాడికెల్లి."

ఆస్పిరిన్ చేసే పని సరిగ్గా ఒక్కటే. పక్క ప్లేట్‌లెట్లను నిద్రలేపే ఆ రసాయనాన్ని ఆపడం. రెండో గుట్టను లేవకుండా చెయ్యడం. ఏడాదిగా నేను "మామూలు మనిషి" అని రాసుకున్నది గుండెలో స్టెంటు వేయించుకున్న మనిషిని.

తిరుగు ఆటోలో నేను అరిచాను. బాగా అరిచాను. "గోలీలు లేవని పదకొండుసార్లు రాసినవ్! నాతోని ఎనిమిది సంతకాలు పెట్టించినోనివి! నా థీసిస్ మొత్తం పోయింది, తెలుసా?" ఆటోవాడు అద్దంలోంచి చూస్తున్నా నేను ఆపలేదు. కాకా కట్టుకట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, రోడ్డు పక్కన కంపెనీల గేట్లు దాటిపోతుంటే చూస్తూ కూర్చున్నాడు. వాటి వైపు చూస్తూనే అన్నాడు.

"రాజీనామ గిజీనామ ఏం లేదు చిన్న మేడం. కంపెనీల కాయితం మీద అన్‌ఫిట్ అని రాసి పంపిండ్రు. ఇంట్ల బిందె లేపనియ్యరు. చేన్ల మోటరు ఏస్తనంటే పిలగాడు ఉరికొస్తడు. ఒక్క మీ కాడనే నార్మల్ అని రాసిండ్రు. గా కాయితం సూస్తే పానం జెర మంచిగ కొట్టేది."

నాకు జాలి కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను. మూడు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అంతకన్నా పాడు సంగతి ఇంకొకటుంది. ఆ మూడు రోజులూ మేడంకు చెప్పకుండా ఉంటే ఏమవుతుందని ఆలోచించాను. డాక్టరుకు తెలుసు, కాకాకు తెలుసు, నాకు తెలుసు. ముగ్గురమే కదా.

నాలుగోరోజు కాకా దాతల ఫారాలన్నీ పట్టుకుని, నన్ను అడగకుండానే మేడం గదిలోకి పోయాడు. పదకొండు చోట్లా "లేవు" మీద అడ్డంగా ఒక్క గీత, పక్కన "గోలి వాడుతున్న" అని, సంతకం, తారీఖు. మేడం చాలాసేపు కళ్లద్దాలు తుడుచుకుంది. పాత కొలతలన్నీ పక్కన పెట్టమంది. కొత్త దాతలు, కొత్త పద్ధతి. పేర్లు నా దాకా రావు, గొట్టాల మీద నంబర్లే ఉంటాయి. కాకా ఉద్యోగం ఉంటుంది కానీ ఇక రక్తం ఇవ్వకూడదు. గోడ మీది గ్రాఫును కాకా తనే, అంచులు చిరగకుండా ఊడదీశాడు. నా ఐదేళ్లు ఆరయ్యాయి. నాన్న మాత్రం, "కంటికి కనవడనిది గదా, దొరకపట్టనీకి టైం వడ్తది," అని మొదటిసారి నా పక్షం మాట్లాడాడు.

కోపం తగ్గాక కాకాను కూర్చోబెట్టి చెప్పాను. నా సమీకరణాల్లో ఆ నిద్రలేపే రసాయనాన్ని సున్నా చేస్తే సరిగ్గా ఆయన గీత వస్తుందని స్క్రీన్ మీద చూపించాను. "ఆ రెండో గుట్ట లేస్తలేదు కాబట్టే నీ స్టెంట్‌ల రక్తం గడ్డకడతలేదు కాకా. గోలీ మంచిగ పనిచేస్తుంది. అది తప్పు గీత కాదు, నిన్ను బతికిస్తున్న గీత." ఆయన తల ఊపాడు.

"మరి గోలి ఆపితే?"

"ప్లేట్‌లెట్లు పది రోజులే బతుకుతయి. గోలీ తగిలినవి చచ్చిపోయి కొత్తవి పుడతయి. అప్పుడు రెండో గుట్ట మళ్ల లేస్తది."

"అంటే పది దినాలకు ట్యాంకుల మాల్ అంత కొత్తది."

"కరెక్ట్!" అన్నాను. ఎంత బాగా అర్థం చేసుకున్నాడో అని మురిసిపోయాను. ఆ మురిపెం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది.

మూడు వారాల తర్వాత ఏడో నంబరు గొట్టం వచ్చింది. యంత్రంలో పెట్టాను. మొదటి గుట్ట లేచింది, దిగింది. తర్వాత రెండోది నిండుగా, నిదానంగా, పుస్తకాల్లో గీసినట్టు లేచింది. ఏడాదిన్నరగా నాకు దొరకని గీత. కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాను. ఫ్రిజ్ రీడింగ్ రాసుకుంటున్న కాకా పుస్తకం మూసి వచ్చాడు.

"ఏడో నంబర్ ఎట్లొచ్చింది?"

"బ్రహ్మాండంగా వచ్చింది కాకా!" అని, అప్పుడు ఆగాను. ఆ వారంలో అయిదు గొట్టాలు వచ్చాయి. మిగతా వాటి గురించి ఆయన అడగలేదు. "ఏడే ఎందుకు అడిగినవ్?"

కాకా శుభ్రంగా ఉన్న బల్లను తుడవడం మొదలుపెట్టాడు.

నేను పక్కగదికి పరుగెత్తి ఫైలు తెరిచాను. చూడకూడదని నియమం. చూశాను. ఏడో ఫారంలో మందులన్న గడిలో గుండ్రటి అక్షరాలు: "గోలి వాడుతుంటి. పన్నెండు దినాల సంది బంద్ జేసిన." ఈసారి అక్షరం అబద్ధం లేదు. ఆ రోజు పాత నర్సమ్మ సెలవు, బదులుగా వచ్చిన పిల్లకు కాకా సంగతి తెలియదు, ఫారాన్ని చదవకుండా పిన్నుకొట్టింది. మేడం ఊళ్లో లేదు. ఆయన అన్నీ నిజం రాసిపెట్టాడు. మేమెవరం చదవలేదు.

ఒక గీత అంత అందంగా ఉండి అంత భయపెట్టడం నేనెప్పుడూ ఎరగను. ఆ రెండో గుట్ట యంత్రంలో లేచినట్టే పన్నెండు రోజులుగా ఆ మనిషి గుండెలో లేవడానికి సిద్ధంగా ఉంది. బీకర్లు కడుగుతున్నప్పుడు, బస్సెక్కుతున్నప్పుడు, నన్ను చిన్న మేడం అని పిలుస్తున్నప్పుడు.

"గోలీలు యాడున్నయి?"

జేబులోంచి పట్టీ తీశాడు. ఒక్క గోలీ కూడా తియ్యని కొత్త పట్టీ. నేను గ్లాసులో నీళ్లు పోస్తుంటే సగం బల్ల మీద పడ్డాయి.

"నీ సదువు నావల్ల ఖరాబైంది గద బిడ్డా," అన్నాడు. చిన్న మేడం అనకుండా బిడ్డా అనడం అదే మొదలు. "ముందుగాల చెప్పు. నార్మలేనా?"

"నార్మలే కాకా. నీ అంత నార్మల్ ఈ ల్యాబుల ఇంకెవలకు రాలే. ఇగ మింగు."

"రాసుకున్నవా?"

"రాసుకున్న."

మింగాడు. నేను రాసుకోలేదు. ప్రాణం పణంగా పెట్టి తెచ్చిన కొలత మనకొద్దని తర్వాత మేడం కూడా అంది. నా థీసిస్‌లో ఏడో నంబరు లేదు. ఆ సంగతి ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. ఆ అబద్ధం నాది, దాని మీద ఏ గీతా కొట్టను.

అక్కణ్నుంచి నేరుగా సంగారెడ్డిలో గుండె డాక్టరు దగ్గరికి పోయాం. ఆయన కాకాను తిట్టి, నన్ను ఇంకా ఎక్కువ తిట్టి, పరీక్షలన్నీ చేసి, బతికిపోయారన్నాడు. ఆ మర్నాటి నుంచి పొద్దున పదింటికి కాకా నా ముందు నిలబడి గోలీ మింగాలి, మింగి నోరు తెరిచి చూపించాలి. అరవైకి దగ్గరపడుతున్న మనిషి బడిపిల్లాడిలా నాలుక చాపి నిలబడితే ల్యాబంతా నవ్వేది. ఆయన పట్టించుకునేవాడు కాదు.

నా చదువైపోయి, ఉద్యోగం వచ్చి వెళ్లిపోయేరోజు, "ఇగ ఎవలకు సూపియ్యాలె?" అన్నాడు. ఫోనులో రాసి పంపమన్నాను. మాటవరసకు అన్నాను. ఆయన మాటవరసకు ఏదీ వినడు కదా. మర్నాడు పొద్దున్నే మెసేజ్: "ఏసుకున్న." ఆ మర్నాడూ అదే. మొదట్లో "శభాష్ కాకా" అని జవాబిచ్చేదాన్ని. తర్వాత బొటనవేలి బొమ్మ. తర్వాత అదీ లేదు. పొద్దున హడావుడిలో ఫోను మోగుతుందని, ఒకరోజు ఆయన మెసేజ్‌ల చప్పుడు ఆపేశాను. అవి వస్తూనే ఉంటాయని నా ధీమా. పది రోజులుగా ఆగిపోయాయని నేను గమనించనే లేదు.

ఊళ్లో ఇల్లు కనుక్కోవడం కష్టం కాలేదు. వాకిట్లో షామియానా, బంతిభోజనాలకు విస్తర్లు సర్దుతున్నారు. ఆయన భార్యను నేను ఒక్కసారే చూశాను. అయినా ఆమె నన్ను చూడగానే లేచి వచ్చింది.

"చిన్న మేడం గద?" అని నా చెయ్యి పట్టుకుని గోడ పక్కకు తీసుకుపోయింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "పగటీలి అన్నం తిన్నడు. కూసున్నోడు కూసున్నట్టె ఒరిగిండు. దవకానకు గూడ అందలే. ఇగ అందరు నన్నే అంటున్రు బిడ్డా. గోలీలు సూస్కోలే, ఇయ్యలే, గందుకే పోయిండని. ఆడివిడ్డలు మొకంమీదనే అన్నరు. నేను తెల్లారకముందే చేన్లకు పోయిన. ఏస్కున్నడో లేదో నాకు ఎర్కలేదు." ఆమె చెయ్యి నా చేతిని గట్టిగా పట్టుకుంది. "అప్పుడు నీ కాడ బంద్ జేసినట్టు మల్ల ఎవలకోసమన్న బంద్ జేసిండా? నీకేమన్న జెప్పిండా?"

నేను ఫోను తీశాను. కాకా పేరు మెసేజ్‌లలో ఎక్కడో కిందికి దిగిపోయింది. పక్కన నేను చదవనివి ఎన్నో తెలిపే అంకె. తెరిచాను. ఒకదాని కింద ఒకటి, నెలల తరబడి, అదే ఒక్క మాట. వేలితో కిందికి జరుపుతూ పోయి చివరిదాని దగ్గర ఆగాను. తారీఖు చూశాను. ఆయన పోయిన రోజు. టైం చూశాను. పొద్దున ఏడు దాటి పది నిమిషాలు.

"ఏసుకున్న," అని చదివాను.

"గది ఎన్నటిది?"

"ఆ రోజుదే అమ్మా. పొద్దుగాల పంపిండు."

"మల్ల సదువు."

చదివాను. ఈసారి తారీఖు, టైం కూడా చదివాను. ఆమె ఏడవలేదు. ఆమెకు చదువు రాదు. ఫోను నా చేతిలోంచి తీసుకుని, వెలుగు ఆరిపోకుండా అద్దం మీద బొటనవేలు ఆనించి, షామియానా కింద కూర్చున్న ఆడబిడ్డల దగ్గరికి నడిచింది. వాళ్ల ముఖాల ముందు ఫోను పెట్టి నిలబడింది.

"ఆయన రాసిండు," అంది. "సదువుండ్రి."